పుంగనూరు అతుకు కాలర్

చొక్కా ఒక రంగు, కాలర్ ఇంకో రంగు. కాలర్ అంచు పీచుపీచుగా ఉంటుంది, దారాలు వేలాడుతుంటాయి. మీలో చాలామంది అది వేసుకుని రీల్ కింద 'అతుకు బ్యాచ్' అని పెట్టుకుంటున్నారు. పెట్టుకోండి, బాగానే ఉంటుంది. కొత్తగా కొన్నప్పుడు ఆ చొక్కాకి ఒక చిన్న అట్టముక్క వేలాడుతుంది చూడండి, దాని మీద మూడు లైన్ల కథ ఉంటుంది. అది రాసింది నేనే. ఆ మూడింట్లో ఒక్కటే నిజం. ఆ ఉద్యోగం మానేశాను కాబట్టి అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నా.

నాకు ఇరవై తొమ్మిది. రిటైరయ్యానంటే నవ్వుతారు గానీ ఆ లైన్‌లో ఇరవై ఏడు దాటితే పెద్దమనిషే. కొత్తగా చేరినవాళ్లు 'అక్కా, మీ టైమ్‌లో ఎలా ఉండేది?' అని మొదలుపెట్టేవాళ్లు. మా టైమ్ అంటే నేను చేరిన రోజులు, అప్పటికి నాలుగేళ్ల కిందట.

బెంగళూరులో ఒక బట్టల యాప్ వాళ్ల ఆఫీసు. నా పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్ చూడటం. హైదరాబాద్‌లో మా అమ్మ పదేళ్లు దేనికోసం తిట్టిందో దానికే జీతం ఇచ్చారు. ఏ ఊరి పిల్లలు ఏం వేసుకుంటున్నారు, వాళ్లని ఏ పేరుతో పిలుస్తున్నారు, ఆ పేరు ముందు ఎవరి నోట్లోంచి వచ్చింది, ఇవి పట్టుకోవాలి. ఆ పనిలో నాకు తెలిసింది ఒకటే. ఏ బ్యాచ్ అయినా దాని పేరు అది పెట్టుకోదు. ఎవడో వెక్కిరించడానికి పెడతాడు. వీళ్లు కొన్నాళ్లు కుళ్లి కుళ్లి ఏడుస్తారు. తర్వాత అదే పేరు టీషర్ట్ మీద కొట్టించుకుని తిరుగుతారు.

ఆ వానాకాలం మదనపల్లె వైపు నుంచి వరసగా రీల్స్ రావడం మొదలైంది. నీలం చొక్కాకి పసుపు పూల కాలర్. తెల్ల చొక్కాకి ఎర్ర గళ్ల కాలర్. అమ్మాయిలు కూడా వదులు చొక్కాల చేతులు మోచేతుల దాకా మడిచి అదే కాలర్. అన్నింటి కిందా అతుకు బ్యాచ్, అతుకు బ్యాచ్. తీసుకెళ్లి మా హెడ్‌కి చూపించా. ఆయన ఎప్పుడూ అరవడు. నేను అరుస్తాను, ఆయన వింటాడు, చివరికి ఆయన అన్నదే జరుగుతుంది.

"ఎక్కడ పుట్టిందో పట్టుకో" అన్నాడు. "కథ లేకపోతే అది చొక్కా. కథ ఉంటే బ్రాండ్."

రెండు వారాలు టైమ్. చివర్లో హార్స్లీ హిల్స్ మీద ఫోటో షూట్. నాకు తోడు మదనపల్లెలో ఒక పెళ్లిళ్ల కెమెరామాన్‌ని మాట్లాడారు. సొంత వ్యాన్ ఉన్న మనిషి. వ్యాన్ ఎక్కితే ఎప్పుడూ వాడిపోయిన మల్లెపూల వాసన. నేను కెమెరా అన్న అని పిలిచేదాన్ని. మొదటిరోజే చెప్పేశాడు.

"ముందు ఎవురు మొదలుపెట్టినారని అడిగితే ఎవురు చెప్తారు మేడం? పెళ్లిలో పిల్లని ముందు ఎవురు సూసినారంటేనే రెండు పక్కలోళ్లూ కొట్లాడుకుంటారు."

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో బస్సుల కోసం నిలబడ్డ ఇంజనీరింగ్ పిల్లల్ని అడిగా. సీనియర్ల నుంచి వచ్చిందన్నారు. సీనియర్లకి ఫోన్ చేస్తే కుప్పం పిల్లలు ముందు వేశారన్నారు. సరే, కుప్పం పోదాం పద. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా దారి. దారి పొడుగునా నేను తల వంచుకుని రీల్స్ చూస్తూనే ఉన్నా. నేను వెతుకుతున్న మనిషి ఇంటి ముందు నుంచే వెళ్లామని తర్వాత తెలిసింది. కెమెరా అన్న ఈరోజుకీ అది చెప్పి నవ్వుతాడు.

కుప్పం స్టేషన్ దగ్గర ఒక సెలూన్. పిల్లల స్టైల్స్ సంగతి ఎక్కడైనా సెలూన్ వాళ్లకే ముందు తెలుస్తుంది.

"ఈడ ఒక పక్క తమిళం, ఇంగో పక్క కన్నడం" అన్నాడు సెలూన్ ఆయన, కత్తెర ఆపకుండానే. "ఏ స్టైల్ వచ్చినా మేం వద్దనము. మాదీ అని చెప్పుకోము."

"మరి ఇది ఎవరిది?"

"రైల్లో వచ్చింటాది."

అప్పటికే ఐదు రోజులు వేస్టయ్యాయి. నాకు తిక్క లేచింది. "రైల్లో వచ్చింది అని రాయాలా నేను? రైల్లో వచ్చిందని?"

"రాయండి. టికెట్టు తీసుకోలేదని కూడా రాయండి."

షాపంతా నవ్వింది. నేను విసురుగా లేచా. అప్పుడు కుర్చీలో మొహం నిండా నురగతో కూర్చున్న లారీ డ్రైవర్ అద్దంలోంచే నా వైపు చూసి, "మేడం, మదనపల్లె మండీకి టమాటా లోడుకి పోతాంటా నేను. ఆడ కూలోళ్ల సొక్కాలన్నీ ఇట్లనే ఉంటాయి గదా. ఆడ అడగండి" అన్నాడు.

వ్యాన్ ఎక్కి తలుపు ధడేల్న వేశా. కెమెరా అన్న తన ఫోన్ చూసుకుని, "మీకు కోపమొస్తే నాకు సిగ్నల్ కూడా పోతాండాది మేడం" అన్నాడు. అప్పుడు నవ్వా.

టమాటా మండీ మీలో చాలామంది వీడియోల్లో చూసుంటారు. ఆ ఎరుపు వీడియోలో కనిపిస్తుంది గానీ ఆ వాసన, ఆ అరుపులు రావు. పొద్దున్నే వెళ్లాం. ఒక హమాలీ, యాభై దాటిన మనిషి, భుజం మీద క్రేటు పెట్టుకుని వస్తున్నాడు. బూడిద రంగు చొక్కా, దానికి ఆకుపచ్చ మీద తెల్ల చుక్కల కాలర్.

"అన్నా, ఆ కాలర్..."

చప్పున క్రేటు దించి మెడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "యాల మేడం, మళ్లా చినిగిండాదా?"

"లేదన్నా, బాగుంది. ఎవరు కుట్టారు?"

"బాగుండాదా?" అని వెనక్కి తిరిగి, "ఒరేయ్, నా కాలర్ బాగుండాదంట! పట్నం మేడం చెప్తాండాది!" అని అరిచాడు. నలుగురు హమాలీలు వాళ్ల కాలర్లు పైకి లేపి నాకు చూపించారు.

సంగతి చాలా చిన్నది. క్రేటు అంచు ఎప్పుడూ మెడ దగ్గరే ఒరుసుకుంటుంది. చొక్కా మూడేళ్లు వస్తే కాలర్ ఆరు నెలలు కూడా రాదు. చొక్కా పారేయలేరు. పుంగనూరులో ఉన్న వాళ్ల వదిన కాలర్ విప్పి, తిప్పి కుట్టి ఇస్తుంది. రెండు పక్కలా అరిగిపోతే జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కతో కొత్త కాలర్ వేస్తుంది.

మరి ఆ పేరు? ఆయన కూతురికి ఫోన్ కలిపాడు. చెన్నైలో ఉద్యోగం చేస్తోంది.

"మా నాయన సొక్కాలు నాకు వదులుగా బాగుంటాయక్కా. కాలేజీకి అవే యేసుకోని పోయేదాన్ని" అంది. "ఒకడు 'అతుకు వస్తాండాదిరోయ్' అనె. మర్నాడు ఇంగో రంగు కాలర్‌ది యేసుకోని పోతిని. వారం తిరిగేసరికి మా బెంచీ అంతా పెద్దమ్మ దగ్గర కుట్టించుకొనె. మేమే పెట్టుకుంటిమి, అతుకు బ్యాచ్ అని."

"ఏడుపు రాలేదా?"

"యాల రాదు? ఏడిస్తిని. ఇంట్లో."

ఆ రికార్డింగ్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు మళ్లీ రాలేదు.

పుంగనూరులో ఆ పెద్దమ్మ ఇల్లు రోడ్డు మీదే. ముందు గదిలో మూడు మిషన్లు. రెండింటి మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. మూడో దాని ముందు ఆవిడ, కళ్లజోడు ముక్కు చివర.

"నమస్తే ఆంటీ."

"ఆంటీ ఎవురమ్మా ఈడ? అక్కా అను." తర్వాత సంగతంతా విని, "పుంగనూరు అంటే అందురూ పొట్టి ఆవుని సూసేదానికి వస్తారు. కాలర్ సూసేదానికి వచ్చింది నువ్వొక్కదానివే" అని ఒకటే నవ్వు.

నాలుగు రోజులు వరసగా ఆ గదిలో కూర్చున్నా. పాత బ్లేడుతో కుట్లు విప్పడం చూపించింది. బట్టకి తగలకుండా దారానికే తగలాలి. విప్పిన కాలర్ వెనక్కి తిప్పితే లోపలి పక్క కొత్తగా ఉంటుంది, ఎండ తగలని చోటు కదా. దాన్ని పైకి పెట్టి మళ్లీ మెడ పట్టీలో కూర్చి కుట్టాలి. రంగులు ఎలా ఎంచుతారక్కా అని అడిగితే, "మురికి కనపడకూడదు. అతుకు మాదిరి కనపడకూడదు. కావాలనే పెట్టినట్టు ఉండాల" అంది. ఫ్యాషన్ కాలేజీల్లో ఫీజు కట్టించుకుని రెండేళ్లు చెప్పేది ఇదే.

ఒకప్పుడు మూడు మిషన్లూ ఆడేవట. పక్క వీధి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి కుట్టేవాళ్లు. రెడీమేడ్లు వచ్చాక కాలర్ తిప్పించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఒకామె కూలికి పోతోంది, ఇంకొకామె ఇంట్లో ఉంటోంది. "నాకు రెండు మిషన్లు ఆపేసిండేదే బాధ. చెయ్యి తిరిగినోళ్లమ్మా వాళ్లు" అంది.

నేను హెడ్‌కి ఫోన్ చేశా. కాలర్లు ఈవిడ దగ్గరే కుట్టిద్దాం, అసలు పుట్టిన చోటు ఇదే కదా అని గట్టిగా చెప్పా. "షూట్ బాగా వస్తే చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' నేను వినలేదు. వెంటనే లోపలికెళ్లి, "అక్కా, మీ పని చూసి కంపెనీ ఆర్డర్ ఇస్తుంది" అని చెప్పేశా.

మర్నాడు వెళ్లేసరికి దుప్పట్లు తీసేసి ఉన్నాయి. మిషన్లకి నూనె పోసి, బెల్టులు మార్చి పెట్టారు. ఆ ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. కూలికి పోయే ఆవిడ ఆ రోజు పని మానుకుని మరీ వచ్చింది.

షూట్‌కి ముందురోజు బెంగళూరు నుంచి పార్సిల్ వచ్చింది. ఆరు చొక్కాలు. మేం అమ్మబోయే రకం. కాలర్ అంచులు ఫ్యాక్టరీలో మిషన్ పెట్టి అరగదీశారు, దారాలు లాగి వదిలేశారు, రంగుముక్కని సగం కుట్టి సగం వదిలారు. ప్రయాణంలో నలిగిపోయి ఉన్నాయి. అక్క దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉందని పార్సిల్ అక్కడే పెట్టి, "ఇస్త్రీ చేసి పెట్టండక్కా, పొద్దున్నే వ్యాన్‌లో మిమ్మల్నీ తీసుకెళ్తాం" అని చెప్పి మదనపల్లె వచ్చేశా. ఆవిడా ఫోటోలో ఉండాలని నా పట్టుదల.

హార్స్లీ హిల్స్ మీద ఆ పొద్దున మంచు. నీలగిరి చెట్లు సగం వరకే కనిపిస్తున్నాయి. హెడ్ కారులో వచ్చాడు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో. ఫోటోలకి మేం పిలిచిన హమాలీ అన్న గడ్డం గీయించుకుని, చొక్కా వేసుకోవడానికి రెడీగా బనీనుతో వణుకుతున్నాడు. అక్క కొత్త చీర కట్టుకుంది. మూట విప్పి ఆరు చొక్కాలూ బల్ల మీద పరిచింది.

ఒక్క దారం వేలాడటం లేదు. ఒక్క అంచు చిరిగి లేదు. ఆరు కాలర్లూ విప్పి, తిప్పి, కొలత తీసినట్టు కుట్టి ఉన్నాయి. సగం వదిలేసిన రంగుముక్కల్ని మూలలు మడిచి పూర్తి చేశారు. 

"సాయంత్రం నుంచి ముగ్గురం కూర్చుంటిమి" అంది అక్క. మొహం వెలిగిపోతోంది. "చినిగినవి పంపించింటే అర్థమయ్యె, మా పని సూసేదానికి అని. సూడండి సార్, యాడన్నా కుట్టు కనపడతాందేమో."

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

అరిచా. "ఎవరు కుట్టమన్నారు మిమ్మల్ని? ఇస్త్రీ చేయమన్నానా, కుట్టమన్నానా? అది డిజైన్! కావాలని చింపింది! ఆ మాత్రం తెలీదా?" ఇంకా చాలా అన్నా. ఫోటోగ్రాఫర్లు, టీ తెచ్చినాయన, అందరూ చూస్తున్నారు. నా కోపంలో సగం హెడ్ పక్కనే ఉన్నాడన్న భయం. అది నాకు అప్పుడే తెలుసు. అయినా ఆపలేదు.

అక్క కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కావాలనే చింపినారా?" అని హమాలీ అన్నని అడిగింది, నన్ను కాదు. "కొత్త గుడ్డని?"

"నాకేం తెలుసు వదినా" అన్నాడాయన, చేతులు చంకల్లో పెట్టుకుని.

హెడ్ ఒక చొక్కా తీసుకుని చూశాడు. "పని చాలా నీట్‌గా ఉందమ్మా" అన్నాడు మర్యాదగా. తర్వాత నాతో, ఇంగ్లీషులో కాదు, అందరికీ అర్థమయ్యే తెలుగులోనే, "ఇది అమ్ముడుపోదు. ఈ లుక్ వీళ్లకి రాదు. కాలర్లు ఫ్యాక్టరీలోనే చేయిద్దాం. ఇప్పటికి వీటిని మళ్లీ చింపమను" అన్నాడు.

ఆ రోజు నేను అరవాల్సింది అప్పుడు. సెలూన్ ఆయన మీద అరిచినదాన్ని, అక్క మీద అరిచినదాన్ని, హెడ్ ముందు ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నట్టు నిలబడ్డా. స్క్రీన్ మీద ఏమీ లేదు.

అక్క సంచీలోంచి బ్లేడు తీసింది. చింపుతుందనుకున్నా. తీసి నా చేతిలో పెట్టింది.

"నలభై ఏండ్లుగా కుడతాండా. చింపేది నాకు రాదు. నువ్వే చింపమ్మా."

చింపా. ఆరు కాలర్లూ నేనే చింపా. ముగ్గురు కలిసి వేసిన కుట్లు అవి, తొందరగా రాలేదు. లాగితే బట్ట చిరుగుతోంది గానీ కుట్టు వదలడం లేదు. వేలు తెగింది. కెమెరా అన్న వచ్చి, "నేను చేస్తా ఇటియ్యండి మేడం" అన్నాడు. ఇవ్వలేదు. అక్క బల్ల పక్కనే నిలబడి మొత్తం చూసింది. తర్వాత వ్యాన్‌లోకి వెళ్లి కూర్చుంది, ఫోటోకి రాలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

ఫోటోలు అదిరిపోయాయి. మంచులో హమాలీ అన్న, చిరిగిన కాలర్. మీరందరూ షేర్ చేశారు. వాటి కిందా, అట్టముక్క మీదా నేను రాసిన మూడు లైన్లు: 'టమాటా మండీలో మొదలైంది. బరువు మోసి అరిగింది. చిరుగును దాచుకోని వాళ్ల గుర్తు.' మొదటిది నిజం. రెండోది, మీరు కొన్న కాలర్ మోసిన బరువు ఏమీ లేదు. మూడోది శుద్ధ అబద్ధం. చిరుగు కనపడకుండా చేయడానికే వాళ్లు ఇన్నేళ్లు కళ్లు పోగొట్టుకున్నారు. నేను పుంగనూరు అనే మాట కూడా రాశాను. అట్టముక్క చిన్నదని అది తీసేశారు. నేను ఊరుకున్నా.

ఆ రోజే ఉద్యోగం విసిరికొట్టానని రాస్తే బాగుండేది. లేదు, ఇంకో పది నెలలు చేశా. జీతం పెరిగింది కూడా. మానేసింది వేరే గొడవలో, వేరే కోపంలో.

మానేసిన నెలకి పుంగనూరు వెళ్లా. మదనపల్లెలో దిగి కెమెరా అన్నకి ఫోన్ చేస్తే, "నేను రాను మేడం, మీరే పోండి. ఆమె మిమ్మల్ని తిడితే నేను సూడలేను, తిట్టకపోతే అస్సలు సూడలేను" అన్నాడు. ఒక్కదాన్నే బస్సెక్కా. దారంతా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నా. 

ముందు గదిలో రెండు మిషన్లు ఆడుతున్నాయి. మూడోదాని మీద దుప్పటి ఉంది. కూలికి పోయే ఆవిడ మళ్లీ కూలికే పోయిందట. మూలన చొక్కాలు కుప్పగా ఉన్నాయి. అన్నీ మా కంపెనీవే, అట్టముక్కలు కూడా కొన్నిటికి అట్లాగే ఉన్నాయి.

"మీవే" అంది అక్క నన్ను చూసి, మిషన్ ఆపకుండా. "రెండు ఉతుకులకి కాలర్ ఊడొస్తాండాదంట. పిలకాయలు తెచ్చి పడేస్తాండారు. కొందురు చినుగు అట్లనే ఉండాల, కుట్టు మాత్రం గట్టిగా ఉండాల అంటారు. ఆ పనికి బెంగళూరు పోండిరా అంటాండా."

రెండో మిషన్ మీద ఉన్నావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కా, ఆ రోజు నేను..."

"కూర్చో. ఊరికే కూర్చోవద్దు." కుప్పలోంచి ఒక చొక్కా, పక్కన డబ్బాలోంచి బ్లేడు తీసి నా ముందు పెట్టింది. "కాలర్ విప్పు. విప్పేది నీకు బాగా వచ్చు గదా."

కొంగు అడ్డం పెట్టుకున్నావిడ ఇక ఆగలేక పకపకా నవ్వేసింది. నాకు కోపం రాలేదు, వచ్చినా అది నా మీదే.

కింద కూర్చుని విప్పడం మొదలుపెట్టా. ఫ్యాక్టరీ కుట్టు, ఒక పోగు తెగితే వరసంతా జారిపోయింది. అయినా తొందరపడలేదు. ఒక్కో పోగూ చూసి, బట్టకి తగలకుండా దారానికే తగిలేలా తీశా. పూర్తయ్యాక ఇచ్చా. అక్క కళ్లజోడు సర్దుకుని, ఆ ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది.

"బట్ట చినగలే" అంది. ఇంకో చొక్కా తీసి నా ఒళ్లో వేసింది.